పేటకంతటికీ ఒకే పెళ్ళిచీర

దగ్గు తగ్గడం లేదని ఎదురింటి అమ్మాయి కరక్కాయలు తెచ్చి ఇచ్చింది. బుగ్గన పెట్టుకుందామని ఒకదాన్ని కత్తిపీట మీద చెక్కాను. కత్తిపీట తడిగా ఉందేమో, చూస్తుండగానే కత్తి అంచు నల్లబడింది. నా వేలి కొస కూడా నల్లబడింది. సబ్బు పెట్టి రుద్దినా పోలేదు.

మా కోడలు చూసి, "అత్తయ్యా, ఆ కాయలకేదో మందు కొట్టినట్టున్నారు, పారెయ్యండి" అంది.

మందూ లేదు, మాయా లేదు. కరక్కాయకీ ఇనుముకీ ఉన్న చుట్టరికం అది. తడిలో కలిస్తే ఆ రెంటికీ నలుపు పుడుతుంది. నేను అక్షరాలు దిద్దుకున్నది మనవలు పుట్టాక. ఈ సంగతి మాత్రం పరికిణీ కట్టే వయసులోనే నేర్చుకున్నాను. మా ఇంట్లో అందరం ఒకేసారి నేర్చుకున్నాం, అదీ ఏడ్చుకుంటూ.

మా పేట దివిసీమలో, కోడూరు వైపు వెళ్ళే కాలువ గట్టు మీద ఉండేది. తాటాకు ఇళ్ళు, నడుమ ప్రార్థన పాక, పాకకి ముందు మట్టి అరుగు. ఆడవాళ్ళు నాట్లకీ కోతలకీ పోయేవాళ్ళు. పనుల్లేని రోజుల్లో అరుగు మీద కూర్చుని లేసు అల్లేవాళ్ళు. సాయంత్రమైతే ప్రతి ఇంట్లోంచీ ఎండు రొయ్యలు వేయించిన వాసన వచ్చేది. ఎవరింట్లో ఏ కూరో చెప్పడానికి తొంగి చూడక్కర్లేదు.

ఆ వాసనల్లోకి మా పెద్దమ్మ ఇంకో వాసన తెచ్చింది. ఆమె మా అమ్మకి అక్క. బందరులో అద్దకాల షెడ్డులో పనిచేసేది. పెదనాన్న కూడా అక్కడే రంగు బానల దగ్గర ఉండేవాడట. ఆయన పోయాడు. అద్దకం గుడ్డలు అడిగేవాళ్ళు తగ్గి షెడ్డు కూడా మూతపడింది. ఒకరోజు పెద్దమ్మ మూట నెత్తిన పెట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. మూటలో బట్టలకన్నా కరక్కాయలూ, పటిక ముక్కలూ, ఎండిన వేళ్ళ కట్టలూ ఎక్కువ. ఆమె చేతులు మణికట్టు దాకా ఎప్పుడూ ముదురు రంగులో ఉండేవి. అన్నం కలుపుతుంటే నేను ఆ చేతుల వంకే చూసేదాన్ని.

"ఏంటే అట్టా చూస్తావు? కడుక్కునే కలుపుతున్నా" అనేది.

వచ్చిన వారానికే ఇంటి వెనక ఒక కుండ పెట్టింది. అందులో పాత మేకులు, విరిగిన కొడవలి ముక్క, ఎద్దు నాడాలు వేసి, బెల్లం నీళ్ళు పోసి, మూతి మూసింది. కొన్నాళ్ళకి ఆ కుండ పుల్లటి కంపు కొట్టడం మొదలుపెట్టింది. పక్కింటి మావయ్యకి సాయంత్రం పూట కల్లు లేనిదే పొద్దుపోయేది కాదు. ఆయన దడి మీదుగా ముక్కు ఎగబీల్చి, "ఏం వదినా, దింపావా? చెప్పనేలేదే!" అన్నాడు.

"దింపా. తాగితే నీ పేగులు అద్దకం గుడ్డలవుతాయి, తాగు" అంది పెద్దమ్మ.

దాన్ని కసిం అంటారు. తుప్పు ఊరిన నీళ్ళు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద దాన్ని అద్దితే నలుపు దిగుతుంది. షెడ్డులో చెక్క అచ్చులుండేవి కానీ అవి యజమానివి. మా ఇంట్లో పెద్దమ్మకి అచ్చులు ఎక్కడివి? అందుకని దొరికినదల్లా అద్ది చూసేది. రెల్లు గొట్టం కొస కోసి అద్దితే గుండ్రటి సున్నా పడేది. సముద్రపు చిప్ప అంచుతో అద్దితే రేకు వంపు పడేది. ఎండు బీరకాయని అడ్డంగా కోస్తే దాని గళ్ళు గుడ్డ మీద తేనెపట్టులా దిగేవి. చిరిగిన పంచెలు, బియ్యం సంచి ముక్కలు, ఏది దొరికితే దాని మీద వేసేది. ఎవరికోసం వేస్తున్నావని అమ్మ అడిగితే, "చేతులు ఊరుకోవట్లేదే" అనేది.

నేనూ ఊరుకోలేదు. బచ్చలి పళ్ళు నలిపి మా తెల్ల కుక్కపిల్ల తోకకి రాశాను. బ్రహ్మాండమైన వంకాయ రంగు వచ్చింది. పేట పిల్లలంతా దాని వెనకే తిరిగారు. మర్నాడు అది కాలువలో దూకి వచ్చేసరికి తోక మళ్ళీ తెల్లగా ఉంది. నేను ఏడుపు మొహం పెట్టుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను.

"అది రంగు కాదే, సంబరం. రంగంటే గుడ్డతో కాపురం చెయ్యాలి" అంది.

ఆ వేసవిలోనే మా అక్కకి కోడూరు సంబంధం కుదిరింది.

ఇక్కడ మా పేట చీర సంగతి చెప్పాలి. మా పేటలో ఆడపిల్లలందరి పెళ్ళికీ ఒకటే చీర. ఎప్పుడో ఒక దొరసాని ఊరు విడిచి వెళ్ళిపోతూ ఇచ్చిన సన్నటి తెల్ల మల్లు చీర. దానికి పేట ఆడవాళ్ళు అల్లిన లేసు అంచు. అది పాస్టరమ్మగారి ఇంట్లో రేకు పెట్టెలో ఉండేది. పెళ్ళి దగ్గర పడగానే పెళ్ళికూతురి ఇంటికి వచ్చేది. వాళ్ళు ఉతికి, గంజి పెట్టి, కట్టుకుని, మళ్ళీ ఉతికి తిరిగి ఇచ్చేవాళ్ళు.

అయితే ఆ చీర అందరికీ దక్కేది కాదు. మాట పడ్డ పిల్లకి ఇచ్చేవాళ్ళు కాదు. అలాంటి పిల్ల రంగు చీర కట్టుకుని, పాక లోపలికి రాకుండా, బయట అరుగు మీదే పెళ్ళి చేసుకోవాలి. దాన్ని అరుగు పెళ్ళి అనేవాళ్ళు. ఆ మాట చచ్చేదాకా వదిలేది కాదు. ఏ తగువు వచ్చినా, "పోవే, అరుగు మీద పెళ్ళైనదానా" అని ఎవరో ఒకరు అననే అంటారు. అందుకే రంగు చీర కట్టిన పెళ్ళికూతుర్ని చూస్తే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి కూడా వేరే చెప్పనక్కర్లేదు.

మా పెద్దమ్మది అరుగు పెళ్ళే. పెళ్ళికి ముందే పెదనాన్నతో బందరు వెళ్ళిపోయిందని. ఆదివారం ఆమె పాక లోపలికి వచ్చేది కాదు. గుమ్మం పక్కన బయటే కూర్చుని పాటలు వినేది. రమ్మన్నవాళ్ళూ లేరు, వద్దన్నవాళ్ళూ లేరు.

అక్క కోసం చీర వచ్చిన రోజు అమ్మ దాన్ని చాప మీద పరిచింది. మడతల వెంట సన్నగా గోధుమరంగు చుక్కలున్నాయి. ఉప్పు గాలికి రేకు పెట్టె తుప్పు పట్టి, ఆ తుప్పు చీరకి అంటింది. చూసీ చూడనట్టుగా ఉన్నాయి కానీ ఉన్నాయి.

పెద్దమ్మ దూరంగానే నిలబడి, "నేను ఉతకనా?" అంది.

అమ్మ చీరని కాస్త తన వైపుకి లాక్కుంది.

"నేనేం కట్టుకుంటానన్నానా? ఉతుకుతానంటున్నా. ఆ చుక్కలు తీసి ఇస్తా. పిల్ల మల్లెపువ్వులా ఉండాలి."

అమ్మ చీర తీసి ఆమె చేతుల్లో పెట్టింది. చిన్న పిల్లని తీసుకున్నట్టు తీసుకుంది పెద్దమ్మ.

ఒక బానని లోపలా బయటా కొబ్బరి పీచుతో తోమింది. కాలువ నీళ్ళు పోసి, చౌడు మట్టి కలిపి, తేటపరిచి, చీర నానబెట్టింది. లేసు తడవకుండా అంచు బాన మీదుగా బయటికి వేసింది. రాత్రంతా నానింది. పొద్దున చద్దన్నం తింటుంటే వెనక నుంచి ఆమె గొంతు వినబడింది. అరుపు కాదు. ఊపిరి లోపలికి తీసుకుని వదల్లేకపోయిన చప్పుడు.

వెళ్ళి చూస్తే చీర నిండా నల్ల చుక్కలు. తుప్పు ఉన్న ప్రతిచోటా మినప గింజంత నలుపు.

ఆ బాన ఆమె కరక్కాయ నీళ్ళకి వాడినది. మట్టి బాన కదా, ఎంత తోమినా లోపల తాగిన కరక్కాయ అలాగే ఉంది. చౌడుకి అది మళ్ళీ నీళ్ళలోకి ఊరింది. తుప్పు దొరికిన చోటల్లా నలుపు చేసింది. అద్దకం పని రాని మనిషి ఎవరు ఉతికినా ఆ చీరకి ఏమీ అయ్యేది కాదు. వాళ్ళింట్లో అలాంటి బాన ఉండదు.

నిమ్మకాయలు పిండారు. చింతపండు రుద్దారు. నలుపు కాస్త బూడిద రంగుకి తిరిగిందే కానీ పోలేదు. కబురు ఎలా వెళ్ళిందో, మధ్యాహ్నానికి పాస్టరమ్మగారు గొడుగు వేసుకుని వచ్చేశారు. ఆవిడ చీరని ఎండలోకి ఎత్తి చూశారు. తర్వాత పెద్దమ్మని చూశారు.

"నీకు దక్కలేదని ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నావా?"

పెద్దమ్మ రంగు చేతులు చెంగు కింద దాచుకుంది. చుట్టూ చేరిన ఆడవాళ్ళలో ఒకరిద్దరు తలూపారు. అది నేను చూశాను.

పాస్టరమ్మగారు చెడ్డ మనిషి కాదు. అమ్మ ఏడుపు చూసి మెత్తబడ్డారు. "ఏడవకు. లేసు విప్పి తెచ్చి ఇవ్వు. అవనిగడ్డ నుంచి మల్లు గుడ్డ తెప్పిస్తా. దానికి కుట్టిద్దాం. పిల్ల తెల్ల చీరలోనే పాకలోకి వస్తుంది. ఈ గుడ్డని మాత్రం పొయ్యిలో పెట్టు" అని చెప్పి వెళ్ళారు.

అమ్మ కళ్ళు తుడుచుకుని, వెంటనే సూది తీసి లేసు కుట్లు విప్పడానికి కూర్చుంది. అంతా తేలిపోయిందనుకున్నాం. అక్క వచ్చి అమ్మ చేతిలో సూది తీసేసుకుంది.

"పెద్దమ్మా, దీని మీద పూలు పడతాయా?"

"నీకేమన్నా పిచ్చా?" అంది పెద్దమ్మ.

"పడతాయా, పడవా?"

"పడతాయి. ఎందుకు పడవు? నలుపు నడిమి బొడ్డు చేసి చుట్టూ ఎర్ర రేకులు వేస్తే పడతాయి. పడితే? కట్టుకుంటావా? అరుగు పెళ్ళి అంటారే నిన్ను!"

అమ్మ లేచింది. "తెల్ల చీర తెప్పిస్తామని ఆవిడ నోటితో అంటుంటే నీకేం పోయేకాలం? కోడూరోళ్ళు వాకిట్లోనే తిరిగిపోతారు. నీ మీద ఏ మాటా లేకుండా పెంచానే నేను!"

"నేను కొత్త చీర కట్టుకుంటే ఈ చీర పెద్దమ్మ కుళ్ళుతో పాడు చేసిందన్న మాట నిజమైపోద్ది. నేనే నిజం చేసినట్టవుద్ది" అంది అక్క. "రాత్రి కిరసనాయిలు దీపం పెట్టుకుని ఆ బాన ఎంతసేపు తోమిందో నువ్వు చూశావా? నేను చూశా."

అమ్మ చాలాసేపు అరిచింది. నన్ను కూడా ఒకటి కొట్టింది, ఊరికే అక్కడ ఉన్నందుకు. చివరికి, "పాస్టరమ్మగారికి చూపించకుండా మాత్రం కట్టనివ్వను" అంది. అంటే ఒప్పుకున్నట్టే.

నిమ్మరసానికి వెలిసిన చుక్కల గురించి ఇక పెద్దమ్మకి బెంగ లేదు, వాటి మీదే మళ్ళీ నలుపు అద్దుతుంది. కానీ కాలువ గురించి బెంగ. వేసవిలో కాలువ కట్టేస్తారు. ఆ రోజులు దగ్గరపడుతున్నాయి. రంగు దిగిన గుడ్డని పారే నీళ్ళలో జాడించకపోతే రంగు పాకి చీరంతా అలుక్కుపోతుంది. నిలవ నీళ్ళు పనికిరావు, ఉప్పు నీళ్ళు అసలే పనికిరావు.

చీర మొత్తాన్ని ఈసారి కావాలనే కరక్కాయ నీళ్ళలో, గేదె పాలు కలిపి ముంచింది. అది చూసి అమ్మ మొహం తిప్పుకుంది. తెల్ల చీర పాత పసుపు రంగుకి తిరిగింది. కసింలో ముంచిన రెల్లు గొట్టంతో ప్రతి చుక్క మీదా గుండ్రంగా అద్దింది. పటిక నీళ్ళలో తుమ్మ బంక కలిపి, సముద్రపు చిప్ప అంచుతో చుట్టూ రేకులు వేసింది. అక్క చీర పట్టుకుని కూర్చునేది. పటిక రేకులు ఎండితే కంటికి కనబడవు. ఎక్కడ వేసిందో ఎక్కడ వెయ్యలేదో పెద్దమ్మ వేలితో తడిమి చెప్పేది.

ఎరుపు కోసం చిరివేరు కావాలి. ఆమె మూటలో ఉన్నది చాలదు. పిల్లలం గంప తీసుకుని సముద్రం వైపు ఇసుక దిబ్బలకి పోయాం. నేలకి కరుచుకున్న చిన్న మొక్క, దాని కింద దారంలాంటి పొడుగు వేరు. ఇసుకలో మోచేతి దాకా చెయ్యి పెట్టి తెగకుండా లాగాలి. కొరికితే పళ్ళు పసుపుపచ్చగా అయ్యేవి. ఒకళ్ళ పళ్ళు ఒకళ్ళం చూసుకుని పడీపడీ నవ్వాం. దారిలో ముంజలు కొట్టించుకుని తిన్నాం. గంప నింపాలన్నది కాసేపు మర్చిపోయాం కూడా.

చాకలి మావయ్య కొత్త బాన ఇచ్చాడు. "కరక్కాయ తాగనిదే, చూసుకో అక్కా" అని ఎత్తిపొడిచాడు. అందులో వేళ్ళు దంచి వేసి, నీళ్ళు మరిగించి, చీర దింపారు. తడి మన్ను, గోరింటాకు కలిపి కాచినట్టు ఒక వాసన. పెద్దమ్మ కర్రతో తిప్పుతూ మధ్యలో కొంచెం పైకెత్తింది. అప్పటిదాకా ఏమీ కనబడని చోట, పటిక తాగిన మేరకే, రేకులు ఎర్రగా లేచాయి. అమ్మ అప్రయత్నంగా "అబ్బ" అంది. అని, ఎవరన్నా విన్నారేమోనని అటూ ఇటూ చూసింది.

తర్వాత మేకపెంట నీళ్ళలో నానబెట్టడం, కాలువలో జాడించడం, గట్టు మీద గడ్డిలో పరవడం, ఆరకుండా నీళ్ళు చిలకరిస్తూ ఉండడం. నీళ్ళు చల్లడం నా పని. ఎండకి పసుపు కొంచెం కొంచెంగా విరిగి, పూల వెనక గుడ్డ మళ్ళీ తెల్లబడుతూ వచ్చింది. ఎరుపు మాత్రం ముదిరింది. పేట ఆడవాళ్ళు నీళ్ళకి వచ్చే వంకతో వచ్చి చూసేవాళ్ళు.

"మేకపెంటలో ముంచితే తెల్లబడుద్దా? అయితే నన్ను కూడా ముంచవే" అంది ఒక ముసలామె.

"నిన్ను ముంచితే కాలువ నల్లబడుద్ది" అంది పెద్దమ్మ. ఆ చుక్కలు లేచిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

కాలువలో నీళ్ళు మోకాళ్ళ కిందికి దిగిన రోజున ఆఖరిసారి జాడించారు.

అమ్మ చీర మడిచి పాస్టరమ్మగారి దగ్గరికి పట్టుకెళ్ళింది. నేనూ వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశారు. లేసు అంచు మీద ఒక్క మరక లేదు. గోరుతో ఒక పువ్వుని గీకి చూశారు.

"కొత్త మల్లు వచ్చి ఉంది" అన్నారు.

"పిల్ల వద్దంటోందండీ."

"నేను కట్టుకోమనను. వద్దనను. వాళ్ళు వాకిట్లో అడిగితే సమాధానం నేను చెప్పను."

పెళ్ళిరోజు కోడూరువాళ్ళు ఎండ ముదరక ముందే వచ్చారు. అక్క పాక ముందుకి వచ్చేసరికి డప్పు ఆగింది. పెళ్ళికొడుకు తల్లి పొడవాటి మనిషి, గట్టి గొంతు. అరుగు దగ్గరే నిలబడి అక్కని పైనుంచి కిందికి చూసింది.

"ఏంటమ్మా ఇది? మా కోడలికి తెల్ల చీర ఇవ్వలేదా?"

అమ్మ నా చెయ్యి పట్టుకుంది, గాజులు గుచ్చుకునేలా. పాస్టరమ్మగారు గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నారు. పెద్దమ్మ ఎప్పటిలాగే గుమ్మం పక్కన బయట కూర్చుని ఉంది.

అక్క అందరికీ వినబడేలా చెప్పింది. "ఇదే అత్తా ఆ చీర. మరక పడితే మా పెద్దమ్మ పూలు వేసింది. నేనే వెయ్యమన్నా."

ఆవిడ దగ్గరికి వచ్చింది. చెంగు అందుకుని వెలుతురుకి ఎత్తింది. వెనక్కి తిప్పి చూసింది. రెండు వేళ్ళ మధ్య నలిపి, వేళ్ళకేమన్నా అంటిందేమో చూసుకుంది.

"ఉతికితే పోద్దా?"

"గుడ్డ చిరుగుద్ది కానీ రంగు పోదు వదినా" అంది పెద్దమ్మ కూర్చున్న చోటు నుంచే.

ఆవిడ ఇంకాసేపు ఆ పువ్వునే చూసింది. తర్వాత చెంగు వదిలేసి, "అయితే లోపలికి పదండి, ఎండెక్కుతోంది" అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "నువ్వేంటి అక్కడే కూర్చున్నావు? పెద్దమ్మవి, పిల్ల పక్కన ఉండొద్దూ?" అని పెద్దమ్మని అదిలించింది. ఆవిడకి మా పెద్దమ్మ అరుగు పెళ్ళి సంగతి తెలియదు.

పెద్దమ్మ పాస్టరమ్మగారి వైపు చూసింది. ఆవిడ లోపలికి తిరిగి పాట ఎత్తుకున్నారు. పెద్దమ్మ చీర దులుపుకుని గుమ్మం దాటింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది ఆమె. పేటలో తెల్ల చీర వేరే కొంటారనుకున్నాం, కొనలేదు. తెప్పించిన మల్లు పాస్టరమ్మగారి కిటికీలకి తెరలయ్యింది. పూల చీరే పెళ్ళిచీర అయ్యింది. నేనూ అదే కట్టుకున్నాను. ఇప్పుడు ఆ చీరా లేదు, ఆ పాకా లేదు, గట్టు మీద గడ్డిలో గుడ్డలు పరిచేవాళ్ళూ లేరు. ఎలా పోయాయో ఒక్కోదానికీ ఒక్కో కథ. అవి చెప్పాలని లేదు.

ఒకటి మాత్రం చెప్పాలి. అక్క పెళ్ళైన మరుసటి ఏడాది మా పేటలో ఒక పిల్లకి ఆదరాబాదరాగా పెళ్ళి కుదిర్చారు. కారణం అందరికీ కనబడుతూనే ఉంది, నెలలు నిండుతున్నాయి. అరుగు పెళ్ళే అనుకున్నారు. ఆ పిల్ల తల్లి చీర అడగడానికి కూడా వెళ్ళలేదు. పెళ్ళిరోజు పొద్దున పాస్టరమ్మగారే చీర చంకన పెట్టుకుని వాళ్ళింటికి వచ్చారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆవిడ ఏ బోధా చెయ్యలేదు, తల తిప్పుకోలేదు. ఆ పిల్లని నిలబెట్టి, తనే మోకాళ్ళ మీద కూర్చుని చీర చుట్టబెడుతూ, "ఊపిరి బిగపట్టకే తల్లీ. కుచ్చిళ్ళు కాస్త వదులుగా పెడతాలే" అన్నారు.